ఘాజియాబాద్ వీధులకు నేను గీసిన పటం

పీహెచ్‌డీ గ్రంథం బైండు చేయించిన వారానికే ఒక ప్రతి పట్టుకుని ఘాజియాబాద్ బయల్దేరాను. అక్కడ చెత్త ఏరుకునే ఇరవై మంది ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, ఒక కాలనీ చెత్తను వేరుచేసి అమ్ముకుంటూ బతికేవారు. నా గ్రంథంలో దానికి ‘సమ్మిళిత, సుస్థిర సామాజిక ఆవిష్కరణ’ అని పెద్ద పేరు. పుస్తకం తెచ్చి చూపిస్తానని వాళ్ల నాయకురాలు మున్నీదేవికి మాటిచ్చాను. రెండేళ్లు వాళ్ల చాయ్ తాగి డాక్టరు అనిపించుకున్నదాన్ని, ఆ మాత్రం మాట నిలబెట్టుకోవాలి కదా.

ఢిల్లీలో నేనుండే లక్ష్మీ నగర్ దాకా మెట్రో ఇంకా రాని రోజులవి. ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కి ఆనంద్ విహార్‌లో దిగి, పది రూపాయలకు షేర్ ఆటో పట్టుకున్నాను. ఒళ్లో లావుపాటి పుస్తకం చూసి ఏ పరీక్షకు చదువుతున్నావని డ్రైవరు అడిగాడు. చదువైపోయింది భయ్యా అని గొప్పగా చెప్పుకున్నాను. తొమ్మిదిన్నరకు కాలనీ గేటు దగ్గర దించాడు.

సంఘం షెడ్డుకు తాళం వేసి ఉంది. మున్నీదేవి ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చుని ఉంది. చెత్త కాంట్రాక్టు ఏదో కంపెనీకి పోయిందని, మూడు నెలలుగా ఎవరికీ పని లేదని చెప్పింది. ఏ వీధికి ఎన్నింటికి వెళ్లాలో, ఏ ఇళ్లలో అట్టపెట్టెలూ సీసాలూ ఎక్కువ వస్తాయో కంపెనీవాళ్లకు మొదటిరోజే తెలుసట. చేతిలో కాగితం పట్టుకుని మరీ వచ్చారట.

పుస్తకం చివర ఆ వీధులకూ వేళలకూ నేను గీసిన పటం తెరిచి, ఆ కాగితం ఇదేనా అని అడిగాను. ఆమెకు అక్షరాలు రావు, వీధులు మాత్రం వెంటనే గుర్తుపట్టింది.

“ఇదే దీదీ. నీతో నడిచి అన్నీ చూపించింది నేనే కదా.”

పరిశోధన నలుగురికీ ఉపయోగపడాలని మా గైడు అంటే, చెత్త కాంట్రాక్టులు ఇచ్చే మున్సిపల్ ఆఫీసుకు ఆరు నెలల ముందే ఆ పటం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పి, క్షమించమన్నాను. ఆమె కోప్పడలేదు. నాకో చాయ్ చెప్పి, పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

“ఇప్పుడు మేం ఎక్కడికెళ్లాలో కూడా ఒకటి గీసివ్వు దీదీ. బాగా గీస్తావు.”

పరీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నది ఆ పటాన్నే. అందరినీ కలుపుకుపోవడం గురించి మూడు వందల పేజీలు రాసి, వాళ్లను వీధిన పడేసింది నేనే. ఇన్నేళ్లయినా నా మీద నాకు ఆ అసహ్యం పోలేదు. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఆనంద్ విహార్ నుంచి తొమ్మిదిలోపు బయల్దేరితే షేర్ ఆటోలు సులువుగా దొరుకుతాయి, కానీ అక్కడ ఏది రాసుకున్నా, ఎవరికి చూపించవచ్చో ముందు వాళ్లనే అడగండి. రెండేళ్లలో మున్నీదేవిని నేను వందల ప్రశ్నలు అడిగాను, ఆ ఒక్కటి తప్ప.