టూరున్ అడిగిన ప్రశ్న

నార్వే రాజధాని ఓస్లోలో, పార్లమెంటు విలేఖరుల్లో అందరికంటే పెద్దావిడ టూరున్. మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఉన్ని స్వెటర్, ఒళ్లో కాఫీ ఫ్లాస్కు. మంత్రుల మీద నాలుగు పుస్తకాలు రాసింది కానీ ఏ మంత్రి ఇంట్లోనూ భోంచేయలేదు. ఒక్కటే ప్రశ్న అడుగుతుంది. అడిగాక కళ్లజోడు తీసి, జవాబు వచ్చేదాకా ఎదుటి మనిషి ముఖంలోకే చూస్తుంది.

ఉత్తరాన ఒక దీవిలో కాన్పుల ఆసుపత్రి మూసేస్తున్నామని ఆరోగ్యమంత్రి విలేఖరుల సమావేశంలో ప్రకటించిన రోజు ఆమె అడిగింది: "ఆ దీవికి మీరు ఒక్కసారైనా వెళ్లారా?"

"మీ పుస్తకానికి సరుకు నా దగ్గర దొరకదులెండి, టూరున్ గారూ," అని మంత్రి నవ్వి, పోటీ పత్రిక విలేఖరి ఐవిన్‌ను అడగమన్నాడు. ఏళ్ల తరబడి ఆమెతో వాదులాడే ఐవిన్ లేచాడు.

"నాదీ ఆవిడ ప్రశ్నేనండీ. వెళ్లారా?"

మంత్రి మరొకరి వైపు చూశాడు. హాల్లో ఒక్కరూ చెయ్యెత్తలేదు.

"వెళ్లలేదు," అన్నాడు చివరికి.

ఆ మాట సాయంత్రం వార్తల్లో దేశమంతా వింది. వారం తిరక్కుండా మూసివేత రద్దయింది. ఆ దీవి ఆసుపత్రి నుంచి మంత్రసాని టూరున్‌కు ఫోన్ చేసింది. "ఇప్పుడే ఆడపిల్ల పుట్టిందండీ, గొంతు వినండి!"

టూరున్ స్పీకర్ నొక్కింది. ఆ ఏడుపు పత్రికాఫీసంతా మోగింది.