నది దాటే ముందు పడవకు నీళ్లు పట్టించడం

చివరి రోజు ఉదయం నా భార్య సరోజిని రెండు గుక్కల టీ తాగింది. ఆసుపత్రి కిటికీ తెర తీయమంది. తర్వాత, "నీళ్ల పంపు రబ్బరు మార్చీసేరా?" అని అడిగింది. మా పడవ ఇంజన్ వేడెక్కకుండా చూసే పంపు అది. రేపు మారుస్తానన్నాను. మధ్యాహ్నం నిద్రపోయింది. మళ్లీ లేవలేదు.

మా పడవ ఉండే గార్డెన్ రీచ్‌కు ఎదురుగా, హుగ్లీ నది ఆవలి ఒడ్డున బొటానికల్ గార్డెన్ ఉంది. ఫెర్రీలో వెళ్లిన ప్రతిసారీ, ఒక్కసారైనా మన పడవలో వచ్చి ఇక్కడ దిగాలి అనేది సరోజిని. నేను రిటైరయ్యాక కొన్న పాత చెక్క పడవ అది. ఎప్పుడూ ఏదో ఒకటి పాడై ఉండేది. ఆమె పోయాక వేసవంతా టార్పాలిన్ కింద, ఒడ్డునే ఎండింది. ఈ చలికాలం నది దాటి తీరాలని పని మొదలుపెట్టాను. పాత రంగు గీకాను. తుప్పు పట్టిన మరలు తీసి ఇత్తడివి బిగించాను. పెట్రోల్ గొట్టం మార్చాను. పంపు రబ్బరూ మార్చాను.

నిన్న ఉదయం, పడవలోకి చేరిన నీళ్లు తోడే కరెంటు మోటారు, దానికి బ్యాటరీ తీసుకుని ఏక్‌బాల్‌పూర్ నుంచి షేర్ ఆటో ఎక్కాం. తోడు సరోజిని తమ్ముడు జాకబ్, రేవులో క్రేన్ నడిపి రిటైరైనవాడు. బ్యాటరీ సీటు మీద కూర్చుంది కాబట్టి దానికీ ఛార్జీ ఇవ్వాలన్నాడు డ్రైవర్. ఇచ్చాం. దారిలో, రేవులోకి ఓడ వస్తే డాక్ వంతెన ఎత్తేస్తారు, ఆగాల్సిందే. మీరు వెళ్తే చేతిలో కొంత సమయం ఉంచుకోండి.

పోటుకు నదిలో నీరు పెరిగాక పడవను నీళ్లలోకి దింపాం. కాసేపటికే పలకల అతుకులన్నిటిలోంచీ నీరు లోపలికి వచ్చింది.

"ఏటి బావా, ఇది పడవా, జల్లెడా?" అన్నాడు జాకబ్.

గట్టిపడే పుట్టీ డబ్బా తెచ్చాడు. అతుకుల్లో ఎట్టేస్తే అయిపోద్దని, లేకపోతే దీన్ని వంటచెరుకు కింద అమ్మేయమని సలహా ఇచ్చాడు. నేను మూత తీయనివ్వలేదు. ఎండిన చెక్క కుంచించుకుపోయింది. నీళ్లు తాగి ఉబ్బితే దాని అతుకులు అదే మూసుకుంటుంది. అతుకుల్లో పుట్టీ గట్టిపడితే ఉబ్బడానికి చోటు లేక పలకలే చీలతాయి. ఇంజన్, బ్యాటరీ విప్పి ఒడ్డుకు చేర్చాం. తాళ్లు వదులుగా కట్టి, పడవను నీటితో నిండనిచ్చాం. టీ కొట్టాయన వచ్చి, పడవ మునిగిపోయింది దాదా అని బెంగాలీలో పరామర్శించాడు. మునగలేదు, మేమే ముంచామని జాకబ్ జవాబిచ్చాడు. కానీ నా వైపు చూసిన అతని చూపులోనూ నమ్మకం లేదు.

ఈరోజు ఆటుకు నీరు తగ్గి పడవ బురదలో కూర్చుంది. నీళ్లన్నీ తోడి, పోటు కోసం ఎదురుచూశాం. నీరు చుట్టుముట్టింది. పడవ లేచింది. అడుగున చెయ్యి పెట్టి చూశాను. చెమ్మ ఉంది, అంతే. ఇంజన్ బిగించి తాడు లాగాను. మూడోసారి లాగితే అందుకుంది. ఇంజన్ పక్కనున్న రంధ్రంలోంచి నీళ్లు సన్నటి ధారగా, ఆగకుండా వచ్చాయి. పంపు పనిచేస్తోంది. జాకబ్ ఆ ధార కింద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు.

"రేపు నేనూ వస్తాను బావా. ఎక్కడ కూకోమంటావు?"

కూర్చోడానికి మధ్యలో వేసిన పలక చూపించాను.

పాత వస్తువును నిలబెట్టడమంటే ఎప్పుడూ ఏదో ఒకటి బిగిస్తూ ఉండటమే అనుకునేవాణ్ని. ఈసారి సగం పని ఊరుకోవడమే అయింది. చాలాకాలం ఒడ్డున ఉన్న చెక్క పడవతో ప్రయాణం అనుకుంటే, బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందే దాన్ని నీళ్లలో నాననివ్వండి.

రేపు ఉదయం, పోటు నిలిచి ప్రవాహం తగ్గిన వేళకు తాడు విప్పుతాను. నేను వెనక ఇంజన్ దగ్గర, జాకబ్ మధ్యలో. ముందు పలక సరోజినిది. పడవ ముక్కు లేవకుండా అక్కడ బరువు ఉండాలి కాబట్టి, లంగరు పెడతాను.