మా మావగారూ, కారు వెనక బత్తీ

మా మావగారు మొన్న గురువారం పొద్దున్నే పోయారు. ఇంటి ముందు టెంటు వేయడానికి వచ్చినవాళ్ళు, "దీదీ, ఈ కారు పక్కకి తీస్తే కుర్చీలు పడతాయి" అన్నారు. తీద్దామని వెళ్తే కారు కొబ్బరిచెట్టుకి తాడుతో కట్టి ఉంది. పడవకి వేసే ముడి. నలుగురు పట్టినా ఊడి రాలేదు. "పోయి కూడా నన్ను వేపుకు తింటున్నారు ఈ మనిషి!" అని వచ్చినవాళ్ళందరి ముందూ అరిచేశాను. అరిచి, అక్కడే చతికిలబడి ఏడ్చాను.

తాడేమిటి, కారేమిటి అని మీకు అనిపించడం సహజం. గాలివాన కాలం వస్తే కారుని చెట్టుకి కట్టడం ఆయన అలవాటు. పడవని కట్టగా లేనిది దీన్ని కడితే తప్పేమిటని ఆయన వాదన. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకి చేపలు పట్టడానికి వచ్చిన కుటుంబాల్లో ఆయనదొకటి. ఆయనకి తెలిసింది సముద్రం, డోంగీ, అంతే. డోంగీ అంటే మా దగ్గర చిన్న పడవ. కారు నడపడం రాదు, నేర్చుకుంటానని ఏనాడూ అనలేదు. అయినా ఒక ఏడు చేపలు బాగా పడ్డాయని, ఏదో ఆఫీసువాళ్ళు వేలం వేసిన ముసలి కారు కొనుక్కొచ్చి షాదీపూర్‌లో మా ఇంటి ముందు నిలబెట్టారు. దాన్ని నడిపేది మా ఆయన. మా ఆయనకి ఓడలో ఉద్యోగం, వారాల తరబడి నీళ్ళ మీదే ఉండేవారు. ఆయన లేనన్నాళ్ళూ కారు ఉప్పుగాలి పీలుస్తూ ఊరికే పడి ఉండేది.

నేనప్పుడు బడిలో కొత్తగా చేరాను. టెంపరరీ టీచర్ని. బడి ఊరికి అవతలి చివర, బస్సేమో దాని బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. నాలుగుసార్లు ఆలస్యమయ్యాక పెద్ద మేడమ్ పిలిచి, "ఔర్ ఏక్ బార్ లేట్ అయితే వేరేవాళ్ళని పెట్టుకుంటాం" అని చెప్పేశారు. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ దొరకదు. నాదంటూ చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే. మా ఆయన సెలవులో ఉన్నప్పుడు డ్రైవింగు నేర్పించి లైసెన్సు కూడా తీయించారు. కారు గుమ్మం ముందే ఉంది. తాళం మాత్రం మావగారి మొలతాడుకి వేలాడుతోంది.

"మావయ్యా, తాళం ఇచ్చేయండి. రేపట్నుంచి కార్లో ఎల్తాను."

"ఇస్తానమ్మా, ఎందుకివ్వను? ఎనక బత్తీ ఎలగడం నేదు గదా. అదెలగనీ."

ఎనక బత్తీ అంటే బ్రేకు తొక్కితే వెలిగే ఎర్ర లైటు. ముందు లైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి కదా అని నేను మొత్తుకున్నాను.

"ముందు బత్తీ మనకి తల్లీ. ఎనక బత్తీ వచ్చీవోడికి. నువ్వాగుతున్నావని నీకు తెలుసు. ఆడికెవుడు సెప్తాడు?"

ఇంక చూడండి నా పాట్లు. బ్రేకు లైటు పరీక్షించాలంటే ఇద్దరుండాలి, ఒకరు తొక్కడానికి, ఒకరు వెనక నిలబడి చూడడానికి. తొక్కే మనిషిని నేను. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతున్నా సరే, జడ సగంలో ఉన్నా సరే, "కోడలుపిల్లా, బేగి రా!" అని కేక పడేది. వెళ్ళి కూర్చునేదాన్ని.

"తొక్కు!"

"తొక్కాను మావయ్యా!"

"ఎలగనేదు. ఇంకా గట్టిగా తొక్కు!"

గట్టిగా తొక్కితే ఎక్కువ వెలగడానికి అదేమన్నా తెడ్డా? అయినా పళ్ళు బిగించి తొక్కేదాన్ని. లోపల పులుసు మాడిపోయేది.

డాలీగంజ్ నుంచి మెకానిక్ భయ్యాని ఇంటికి పిలిపించాను. లైటు విప్పి, కొత్త బల్బు వేసి, లైటు కూర్చునే చోట కారు ఇనుముని తళతళ మెరిసేలా గీకాడు. "ఇక్కడ ఇనుముకి ఇనుము తగలాలి దీదీ. కరెంటు తిరిగిపోయే రాస్తా ఇదే. తగలకపోతే బత్తీ రాదు" అని చెప్పి బిగించాడు. తొక్కాను. వెలిగింది. మావగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, "రేపొద్దున్న తాళం నీదే" అన్నారు. మర్నాడు స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, కార్లో కూర్చుని తొక్కితే చీకటి. సంచీ పట్టుకుని బస్సు వెనక పరుగెత్తాను.

భయ్యాకి కబురు పంపితే, అయితే హోల్డరే పోయిందన్నాడు. అది మద్రాసు నుంచి ఓడలో రావాలి. ఓడేమో మూడు వారాలకి గాని రాలేదు. ఆ మూడు వారాలూ నేను బస్సు మెట్టు మీద వేలాడుతూ, పెద్ద మేడమ్ కంటపడకుండా గోడ వారగా నక్కుతూ గడిపాను. చివరికి ఒక ఆదివారం భయ్యా వచ్చి, మళ్ళీ గీకి, కొత్త హోల్డరు బిగించాడు. వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి బయటికొచ్చాను. మావగారు కారు వెనక గొంతుక్కూర్చుని ఉన్నారు. లైటు విప్పి కింద పెట్టారు. పక్కన డోంగీకి వేసే నీలం పెయింటు డబ్బా. భయ్యా గీకిన చోటే, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ముగ్గు వేసినంత శ్రద్ధగా పెయింటు రాస్తున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయి వచ్చాక ఆ మనిషి ముందు గొంతు పెంచడం అదే మొదలు.

"మూడు వారాలు మావయ్యా! నా నౌకరీ పోయేలా ఉంది! నేను బండి నడపడం మీకిష్టం లేకపోతే మొహం మీదే చెప్పండి. చాటుగా ఈ పనులేటి?"

ఆయన కుంచె పట్టుకుని అలాగే చూశారు. "సాటేటమ్మా? ఆడు గీకీసి ఒట్టి ఇనుము ఒగ్గీసి పోనాడు. ఉప్పుగాలికి ఆర్నెల్లు నిలబడదు. నువ్వెక్కీ బండి గదా అని రాస్తన్నాను."

నవ్వాలా, తల బాదుకోవాలా? ఆయన పక్కనే కూర్చుని, ఇనుముకి ఇనుము తగలాలన్న సంగతి నిదానంగా చెప్పాను. మధ్యలో పెయింటుంటే కరెంటుకి దారి ఉండదని చెప్పాను. ఆయన కుంచెని డబ్బాలో పెట్టేశారు.

"అయితే ఇన్నాళ్ళూ ఆర్పింది నానేనన్నమాట" అన్నారు.

లోపలికెళ్ళి చేపల పొలుసు గీకే కత్తి తెచ్చారు. రాసినదంతా తన చేత్తోనే గీకి, లైటు బిగించి, "తొక్కు తల్లీ" అన్నారు. వెలిగింది. మొలతాడు నుంచి తాళం విప్పి, తుండుతో తుడిచి నా చేతిలో పెట్టారు.

సోమవారం తొందరగానే బయల్దేరాను. మలుపు తిరగ్గానే అద్దంలో చూస్తే వెనక మావగారు! పక్కింటివాళ్ళ సైకిలు, ఎగగట్టిన లుంగీ. కారాపి, "ఎక్కడికి మావయ్యా?" అన్నాను.

"నువ్వు పోమ్మా. ఇంటికాడ ఎలగడం వేరు, రోడ్డు మీద ఎలగడం వేరు. నానెనకాల సూస్తాను."

మా ఊరి రోడ్లన్నీ ఎత్తుపల్లాలు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆయన సైకిలు దిగి తోసుకుంటూ రావాలి, నేను పైన ఆగి ఎదురుచూడాలి. ఆలస్యం కాకూడదని కారు తీస్తే దీనికే ఆలస్యమయ్యేలా ఉంది! వాచీ చూసుకుంటూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు బడిలో అడుగుపెట్టాను.

ఆ ఉద్యోగం పర్మనెంటయింది. ఆ బడిలోనే రిటైరయ్యాను. మావగారి మీద నాకింకా కోపమే, ఇప్పుడది ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

కారు తీసిన ఆ మొదటి వారమంతా ఆయన నా వెనకే వచ్చారు. పల్లంలోకి దిగేటప్పుడు నేను బ్రేకు తొక్కితే, వెలిగిందని నాకు తెలియడానికి ఒక చెయ్యి పైకెత్తేవారు. ఒంటి చేత్తో సైకిలు అటూ ఇటూ ఊగిపోయేది, నోరు తెరిచి ఏదో అరుస్తుండేవారు, నాకు వినబడేది కాదు. మొదటి రెండు రోజులూ విసుక్కున్నాను. మూడో రోజు నుంచి, ఎదురుగా కుక్కపిల్ల కూడా లేకపోయినా బ్రేకు తొక్కి, అద్దంలో ఆ చెయ్యి లేచేదాకా చూసేదాన్ని.