గ్లాసు మీద నా పేరు

మా పై వాటాలో అద్దెకుంటున్నవారి అమ్మాయి డిగ్రీలో వ్యాపారశాస్త్రం చదువుతోంది. మొన్న ఆదివారం ఉదయం పుస్తకం పట్టుకుని కిందికి వచ్చి, వ్యాపారం పెట్టేవాళ్లు నాలుగు రకాలట, ఒక్కో రకానికి తెలిసినవాళ్లలో ఒకరిని ఉదాహరణగా రాసుకురమ్మన్నారట, చెప్పమని కూర్చుంది. కొత్తది తెచ్చేవారు, వారిని చూసి అదే పెట్టేవారు, అంతా తేలేదాకా ఆగి చూసేవారు, ఏమైనా సరే మారనివారు. నలుగురినీ ఒక్క గుక్కలో చెప్పగలిగేవాణ్ణే, నలుగురూ మా ఇంటివాళ్లే కాబట్టి; కానీ నోటిమాటగా చెప్పే అలవాటు లేక, అటక మీది పెట్టె దింపించి డెబ్బైల నాటి డైరీలు తీశాను.

ఆ చివరి రకం మా నాన్న, మేం బాపు అనేవాళ్లం. ఫలక్‌నుమాకు పోయే దారిలో ఒక సందు మొదట్లో ఆయనకు కలాయి దుకాణం ఉండేది. మన ఈడువారికి చెప్పనక్కరలేదు గానీ, అప్పట్లో వంటంతా రాగి, ఇత్తడి గిన్నెల్లోనే. లోపలి తగరం పూత అరిగితే పులుసు కిలుమెక్కేది, కనుక ఏడాదికి ఒకటి రెండు మార్లు పూత వేయించక తప్పేది కాదు. గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాసి, బాపు గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా పాలు పోసినట్టు తెల్లబడేది. పెళ్లిళ్ల ముందు ఎన్ని గిన్నెలు వచ్చిపడినా ఆయన ఏనాడూ వాటికి గుర్తుగా పేరు చీటీ కట్టలేదు. సొట్టను చూసి ఏ ఇంటిదో చెప్పేవారు.

తరువాత స్టీలు వచ్చింది. దానికి కలాయి అక్కరలేదు. ఇక ఏం జరగబోతోందో మా ఇంట్లో ముందుగా గ్రహించింది అన్న. గిన్నెలన్నీ ఒక్కలాగే మెరుస్తుంటే ఏది ఎవరిదో తెలియక ఇరుగుపొరుగు తగువులాడుతున్నారని గమనించి, పేర్లు చెక్కే కరెంటు మిషన్ తెచ్చి, బాపు కొలిమి పక్కనే బల్ల వేశాడు. బాపు దాన్ని ఎగాదిగా చూసి, "గిన్నెకు పేరెందుకుర? మనిషి పోయినంక ఆ గిన్నెల బువ్వెట్ల తింటరు?" అన్నారు.

"పేరుంటే పంచుకునేటప్పుడు లొల్లి ఉండదు బాపూ" అని అన్న నవ్వాడు.

అన్నకు ఒకటే లోటు, చేయి కుదిరేది కాదు. అక్షరాలు వంకర పోయేవి. నాకేమో తెలుగూ ఉర్దూ రెండూ గుండ్రంగా రాయడం వచ్చు, కానీ అప్పటికే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరిపోయాను. ఆ రాత ఫైళ్లల్ల పెడితే చెదలు తింటయ్ తమ్మీ, నా పక్కకు కూసో, ఇంటింటికీ పోతది అని అన్న వారం వారం అడిగేవాడు. ఇంకో ఆర్నెల్లు చూద్దామనేవాణ్ణి. ఆ మాట డైరీల్లో ఏడు చోట్ల ఉంది.

రెండేళ్లు పని బాగా సాగింది. అది చూసి మా బాబాయి సరిగ్గా ఎదుటి గదిలో అలాంటి మిషన్నే పెట్టి, పేరు చెక్కించుకుంటే పక్కన పువ్వు ఊరికే వేస్తానన్నాడు. ఆయన అక్షరాలు అన్నవాటికంటే తీరుగా ఉండేవి. ఆ వారమే అన్న మా ఆఫీసు గేటు దాకా వచ్చి, రేపటి నుంచి వస్తావా, ఒక్కమాట చెప్పమన్నాడు. నేను అలవాటైన మాటే అన్నాను.

"చూడు తమ్మీ, చూడు. అందరం మునిగినంక ఒడ్డు మీద కూసోని డైరీ రాసుకో" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

మరుసటి ఏడే గిన్నెల కొట్లవాళ్లు తామే మిషన్లు పెట్టుకుని, కొన్నవాటి మీద పేర్లు ఊరికే చెక్కి ఇవ్వసాగారు. అన్న బల్లా, బాబాయి బల్లా ఒకే నెలలో మూలపడ్డాయి. చివరికి అన్న అలాంటి ఒక కొట్టు గుమ్మం దగ్గర పరాయి మిషన్‌తో, పొద్దంతా పరాయి పేర్లు చెక్కే కూలికి కుదిరాడు. చూపు మందగించేదాకా అదే పని. బాపు మాత్రం ఇంకొన్నాళ్లు రోజూ కొలిమి రాజేసి, ఎవరూ రాకపోతే సాయంత్రం తానే ఆర్పి ఇంటికి వచ్చేవారు. నేను వెళ్లి కూర్చుంటే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. నా అక్షరాలు బాబాయిని ఆపేవేమో గానీ కొట్లవాళ్లను ఆపేవి కావు. అది తెలిసినా మనసు కుదుటపడదు. అన్న పక్కన కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు.

అమ్మాయి అంతా రాసుకుని, "మరి తాతా, నలుగుట్ల ఎవరు గెలిచిండ్రు? లాస్టుల అది రాయాలె" అంది. నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే, నేను ఏ వ్యాపారమూ చేయలేదు, ఆ సంగతి రాసుకోవద్దని చెప్పాను. కొత్తది తెచ్చేవారే గెలుస్తారని రాసుకుంది. పుస్తకంలో అలాగే ఉందట.

ఇప్పుడు గిన్నెల మీద పేర్లు చెక్కించుకునేవారు కనబడరు, కలాయి అంటే ఏమిటని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. అన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెక్కిన వాటిలో మా ఇంట ఒక్క గ్లాసు మిగిలింది, దాని మీద వంకర అక్షరాలతో నా పేరు. పొద్దుటి టీ అందులోనే తాగుతాను. మునుపు వేలితో తడిమితే ఆ గీతలు తెలిసేవి. తోమి తోమి అరిగినట్టున్నాయి, ఈ మధ్య వేలికి తగలడం లేదు.