బొటనవేలి గుంట

మా పెద్దనాన్న గడియారాలు బాగుచేసేవారు. కొట్టు మూసేశాక ఆయనకు పాత సుత్తుల పిచ్చి పట్టుకుంది. కంసాలులవి, చెప్పులు కుట్టేవాళ్ళవి, పుస్తకాలు బైండు చేసేవాళ్ళవి, అన్నీ చిన్నవే, ముందుగది గోడనిండా మేకులకు వేలాడేవి. ఇంటికొచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగేలోపే ఒకటి చేతిలో పెట్టేవారు.

"పిడి మీద గుంట చూశావా? ఏళ్ళ తరబడి బొటనవేలు ఆనీ ఆనీ పడింది. అందులో నీ వేలు పెట్టు. ఆ మనిషి చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది."

"ఆ చెయ్యి వదిలి కాస్త నా మాట వినండి" అని వంటింట్లోంచి పెద్దమ్మ ఎత్తిపొడిచేది.

సుత్తులు చాలావరకు తెచ్చిచ్చింది ఆయన చిన్ననాటి స్నేహితుడు, వడ్రంగి బాబాయి. ఏది ఎవరిదో, ఆ మనిషి ఎలా బతికాడో కూడా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. పెద్దనాన్న నోరు తెరుచుకుని వినేవారు.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడుపడేది కాదు. ఆ సుత్తులకు ఒకవైపు వెడల్పు, రెండోవైపు సన్నం. గుంటలో వేలు పెట్టి పట్టుకుంటే చాలావాటికి సన్నవైపే కిందికొచ్చేది. "పాతవాళ్ళు సన్నవైపుతోనే కొట్టేవాళ్ళు" అని పెద్దనాన్న సిద్ధాంతం. కాదంటే ముక్కుమీద కోపం.

ఒకరోజు గోడ దుమ్ము దులుపుతూ ఒక సుత్తిని ఎడమచేత్తో పట్టుకున్నాను. నాది ఎడమచేతివాటం. వేలు గుంటలో కుదిరింది, వెడల్పువైపు బుద్ధిగా కిందికి తిరిగింది. ఇంకోటి తీశాను. అదీ అంతే.

"వీళ్ళందరూ నాలాంటివాళ్ళేనా పెద్దనాన్నా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. ఒక్కొక్కటే దించి ఎడమచేత్తో పట్టి చూశారు. మాకు తెలిసిన ఎడమచేతి పనివాడు వడ్రంగి బాబాయి ఒక్కడే.

సాయంత్రం అతను రాగానే అడిగారు. "ఇవి నువ్వే చేశావా?"

బాబాయి కూర్చోబోయి ఆగిపోయాడు. "మొదటి నాలుగైదూ నిజమైనవేరా. తర్వాత దొరకలేదు. నువ్వు గుమ్మంలో ఎదురుచూస్తుంటే వట్టి చేతుల్తో ఎలా రాను? కొత్త పిడి అరగదీసి, ఇనుము ఉప్పునీళ్ళలో నానబెట్టి..."

"మరి ఆ మనుషులు?"

"మనుషుల్లేరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దనాన్న అరిచినా బాగుండేది. ఆయన ఒక సుత్తి తీసుకుని, పిడి గుంటలో మళ్ళీ వేలు పెట్టి చూసుకున్నారు.

"ఈ సుత్తి పట్టిన వెండిపని ముసలాయన పోయాడని చెప్పావే, ఆ రోజు నేను అన్నం ముట్టలేదురా" అన్నారు చివరికి. "నా పక్కనే కూర్చుని నువ్వూ కళ్ళు తుడుచుకున్నావు."