పొడి ఇసుక కింద

పెన్సిల్వేనియాలో మా ఉక్కు ఫ్యాక్టరీ ఊరి బేస్‌బాల్ మైదానాన్ని ఇరవై ఏళ్ళు కనిపెట్టుకున్నవాడు ఒండ్రే కోవాలిక్. గడ్డి కోయడం, మట్టి చదును చేయడం, సున్నంతో గీతలు గీయడం అతని పని. కొలిమిలో కుడిచెయ్యి కాలాక ఫ్యాక్టరీ వాళ్ళు పొమ్మంటే, జట్టు మేనేజరు డార్బీ పిలిచి ఈ కొలువిచ్చాడు. ఇచ్చినందుకు రోజూ దెప్పేవాడు. నేను గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి కాబట్టి ఆ దెప్పుళ్ళన్నీ నా చెవిన పడేవి.

తండ్రి పోయాక తమ్ముడు పావెల్‌ని పెంచింది ఒండ్రేనే. ఆట లేని రోజుల్లో ఆ మైదానంలోనే వాడికి పరుగు నేర్పాడు. పరిగెత్తేవాడు ఆగే గుర్తుల్ని బేస్‌లంటారు; పావెల్ ఎదుటి జట్టు కన్నుగప్పి ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి దొంగపరుగు తీస్తే, బంతి కంటే ముందే చేరేవాడు. అలాంటివాణ్ణి డార్బీ వద్దన్నాడు. పక్క ఊరి జట్టు ఎగరేసుకుపోయింది.

1926 ఆగస్టులో ఆ జట్టు మా మీద ఆడటానికొచ్చింది. పావెల్ నచ్చితే తీసుకుపోదామని పెద్ద లీగు జట్టు తాలూకు మనిషి ఒకాయన రైలు దిగాడు. ఊరంతా అదే మాట.

ఆ పొద్దున్నే డార్బీ మైదానంలోకొచ్చాడు. "మొదటి బేస్ పక్కన నేల బాగా తడుపు. పైన పొడి ఇసుక చల్లు, కనబడకుండా."

వేగంగా పరిగెత్తేవాడు వస్తున్నాడంటే, కాలు దిగబడి వేగం తగ్గేలా మా మైదానంలో మామూలుగా చేసేదే అది. ఒండ్రే ఎన్నోసార్లు చేశాడు కూడా.

"అయ్యా, వాడు నా తమ్ముడు."

"అయితే వాడితోపాటే పో. ఆ చేతికి ఇంకెవడు పనిస్తాడో చూద్దాం."

ఇంట్లో నలుగురు పిల్లలు. కాస్త నెమ్మదిస్తాడు, అంతేగా అనుకుని ఒండ్రే ఆరు బకెట్లు పోశాడు. నేను చూస్తూనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఇప్పుడు డార్బీని ఎంత తిట్టుకుంటే ఏం లాభం, ఆ రోజు నాకూ నా కొలువే ముద్దయింది.

మధ్యాహ్నం పావెల్ గేటు దగ్గరే అన్నని కావలించుకున్నాడు.

"ఇవాళ దొంగపరుగులు తీయకురా పావెల్."

"పిచ్చా అన్నయ్యా నీకు? ఆయనొచ్చింది నా పరుగు చూడ్డానికే. ఊరికే నిలబడితే చూడ్డానికి నేనేమన్నా అందగాణ్ణా?"

"అది కాదురా..."

డార్బీ అటే చూస్తున్నాడు. ఒండ్రే సున్నం బకెట్ తీసుకుని గీతలవైపు నడిచాడు.

మూడో ఇన్నింగ్స్‌లో పావెల్ మొదటి బేస్ చేరాడు, నాలుగడుగులు పక్కకి జరిగి రెండో దానివైపు దూకాడు. పాదం ఇసుకలో దిగి అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు ముందుకెళ్ళింది. మోకాలు విరిగింది. మావాళ్ళు కేరింతలు కొట్టారు. పెద్ద జట్టు మనిషి ఆట అయ్యేదాకా ఆగలేదు.

కుంటివాడికి ఫ్యాక్టరీలో పని ఎక్కడిది? మరుసటేడు ఒండ్రే డార్బీ కాళ్ళావేళ్ళా పడి తమ్ముణ్ణి తన కిందే పెట్టించుకున్నాడు. తడిపిన సంగతి చెప్పలేదు. పావెల్ ఆ రోజు ఊసే ఎత్తేవాడు కాదు. వాడికి తెలియదనుకుని, సిగ్గులేకుండా మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

మే నెలలో ఇంకో జట్టు వచ్చింది, అందులో ఒక చురుకైన కుర్రాడున్నాడు. డార్బీ పొద్దున్నే వచ్చి అదే మాట చెప్పి వెళ్ళాడు. ఒండ్రే కదల్లేదు. పావెల్ కుంటుకుంటూ వెళ్ళి బకెట్ నింపుకొచ్చాడు.

"ఎన్ని పొయ్యాలి అన్నయ్యా?" అనడిగాడు. "నాకు పోసినన్నేనా, ఇంకా ఎక్కువా?"