వచ్చిపోయిన వైరస్

మా తమ్మునికి దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు. దానికి హీమోఫీలియా అని ఒక పేరుందని మాకు వాని ఆరో ఏట తెలిసింది. పాలపన్ను ఊడి రెండు రోజులు నోట్లె నుంచి రక్తం కారుతనే ఉంటే, బెల్లంపల్లి నుంచి కరీంనగర్ దవాఖానకు బస్సుల తీస్కపోయినం. అవ్వ కొంగు సగం ఎర్రగైంది. బాపు బొగ్గుబాయిల పనిచేసేటోడు. డ్యూటీ బట్టలతోనే బస్సెక్కిండు. నాకప్పుడు పదేండ్లు.

పైకి కనపడే రక్తం కంటే కీళ్ల లోపల కారే రక్తమే వాన్ని ఎక్కువ పాడుచేసింది. ఇరవై ఏండ్లు వచ్చేసరికి కుడి మోకాలు ముడుచుకునుడు బంద్ అయింది. బజార్ల చిన్న షాపు పెట్టి, కూసున్న కాడనే మిక్సీలు, ఫ్యాన్లు, మోటర్లు రిపేర్ చేస్తడు. స్క్రూడ్రైవర్ చేతిల చూసినప్పుడల్లా అవ్వకు గుండెల దడ.

నేను చదువుకొని హైదరాబాద్‌ల ఒక కంపెనీల చేరిన. ఏం పనే అని చర్చిల ఎవరో అడిగితే వైరస్ తయారుచేస్తమని చెప్పిన. పక్కన కూసున్న ఒకామె తన పిల్లను దగ్గరికి గుంజుకున్నది. ఆమె తప్పేం లేదు, నేను చెప్పిన తీరే అట్లుంది. మేం వాడేది మనిషికి ఏ రోగం తేని చిన్న వైరస్. దాని లోపలి సరుకు తీసేసి, పై పెంకు మాత్రం ఉంచుకొని, అందుల మంచి జీన్ పెడ్తం. రక్తంల ఎక్కిస్తే అది కాలేయానికి పోయి ఆ జీన్ దింపుతది. రక్తం గడ్డకట్టే జీన్ పెడితే, మా తమ్మునసొంటోళ్లకు ఆ పదార్థం ఒంట్లనే తయారైతది. ఆ పెంకులను జీవకణాలల్ల పండించుడు మా పని.

చేరిన ఏడాదికి మా మేడం నన్ను పిలిచి మైక్రోస్కోప్‌ల తీసిన ఫోటో ఒకటి చూపెట్టింది. గుండ్రటి పెంకులు వందలకొద్ది ఉన్నయి. ఎక్కువ భాగం నడుమ బోలుగ ఉన్నయి. అంటే ఖాళీవి, జీన్ లేదు. ఏడాది పొడుగు పండించి, వడగట్టి, జాగ్రత్తగ దాచిందాంట్ల చానా మటుకు వట్టి పొట్టే. ఖాళీ పెంకు ఊరికె ఉండదు, ఒంట్లకు పోతే దాన్ని కూడ శత్రువనుకొని ఒళ్లు కొట్లాటకు దిగుతది. ఆ ఫోటో ముందర ఎంతసేపు నిలవడ్డనో నాకు యాదికి లేదు. మేడం కుర్చీ జరిపి కూసోమన్నది గుర్తుంది.

కణాలకు మేమిచ్చే మూడు రకాల డీఎన్ఏ ముక్కల పాళ్లు మార్చుకుంట పోయినం. నిండినవి పెరిగినయి. ఇగ చిన్న సీసా నుంచి పెద్ద ట్యాంకుకు పోతిమి. అక్కడ పంట ఒక్కసారే పడిపోయింది. అవే కణాలు, అవే పాళ్లు. మూడుసార్లు చేసినా అంతే. నాకు మతి పోయినట్టైంది.

ఆ ఆదివారం తమ్ముడు ఫోన్ చేస్తే అంతా చెప్పిన. డీఎన్ఏను ఒక మందుల కలిపి కొన్ని నిమిషాలు పెడ్తం, సన్న సన్న రేణువులైతయి, వాటిని కణాలు మింగుతయి. సీసాలకైతే ఒక్క తాప పోసేస్తం. ట్యాంకుకు పంపుతోని ఎక్కియ్యాలె, చానాసేపు పడ్తది. వాడు అంతా విని, ఆఖరుకు పోయే మిశ్రమం అప్పటిదాక ఏం చేస్తది అని అడిగిండు. గిన్నెల ఉంటదన్న.

"ఉంటె ముద్ద కట్టదా? రెండు వేరే వేరే పైపులల్ల తెచ్చి, ట్యాంకు మూతి కాడ కలుపరాదా?"

మర్నాడు నేను గడియారం పట్టుకొని గిన్నె కాడ నిలవడ్డ. ఆఖరు మిశ్రమం తీసి చూస్తే రేణువులు పెద్ద పెద్ద గడ్డలైనయి, కణం మింగలేనంత. ఇంతమందిమి చదువుకున్నోళ్లం నెలలకొద్ది కణాలను అనుమానించినమే గాని గిన్నె దిక్కు చూడలే. రెండు పైపులు పెట్టినం. ఎన్ని నిమిషాలు కలిసి ఉండాల్నో అంత పొడుగు గొట్టంలనే కలిసి పోయేటట్టు చేసినం. పంట మల్ల సీసాలకు సాటి వచ్చింది. మేడంకు ఆలోచన ఎవరిదో చెప్తే ఆమె నమ్మనట్టు నా మొకం చూసింది.

మందు సరిపోను తయారైనంక మనుషుల మీద పరీక్ష మొదలైంది. మా తమ్ముడు కరీంనగర్ డాక్టర్ ద్వారా తనే పేరు ఇచ్చుకున్నడు. కంపెనీ కట్టుబాటు ప్రకారం నేను ఆ కాయితాల జోలికి పోవద్దు, పోలే. ముందుగాల రక్త పరీక్ష చేసిండ్రు. ఫలితం చెప్పే రోజు సెలవు పెట్టి పోయి, డాక్టర్ గది బయట బల్ల మీద కూసున్న. వాడు లోపలికి పోయి పది నిమిషాలకే బయటికి వచ్చిండు. పక్కన కూసొని కాలు చాపి, మోకాలు రాసుకున్నడు.

"అక్కా, నాకు గా వైరస్ ఎన్నడో వచ్చిపోయిందట. ఒళ్లు దాన్ని గుర్తువట్టిందట. మీ మందు ఎక్కిస్తే పని చెయ్యదన్నడు."

ఆ మాటకు అర్థం నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? ఆ వైరస్ మీద ముందే ప్రతిరోధకాలు ఉన్నోళ్లను తీసుకోరాదని నా చేతులతోనే ఎన్నో రిపోర్టులల్ల రాసిన. అన్నిసార్లు రాసినా, ఒక్కసారి కూడ ఆ వాక్యంల మా తమ్ముడు ఉంటడని నా మనసుకు రాలే. ఇన్నేండ్లు వాని కోసమే చేస్తున్న అనుకున్న.  వాడే నన్ను భుజం మీద తట్టి, పా, బస్సు పోతదన్నడు.

ఇంకొక సంగతి అప్పుడు చెప్పలేకపోయిన. మా ల్యాబ్‌ల పరీక్షలకు మేమే రక్తం ఇస్తుంటం. నా రక్తంల ఆ వైరస్ జాడ లేదు. ఒకటే ఇల్లు, ఒకటే కంచంల తిన్నం, ఒకటే గొంగడి కప్పుకున్నం. వానికి వచ్చింది, నాకు రాలే.

ఇంటికి పోయి చెప్తే అవ్వ ముందుగాల నమ్మలే. తర్వాత ఏ జ్వరంల వచ్చిందో వెతుకవట్టింది. పెద్దమ్మ కొడుకు పెండ్లిల తడిసినప్పుడా, చర్చి పండుగల చల్లనీళ్లు తాగినప్పుడా అని రెండు దినాలు వాని జ్వరాలన్ని తవ్వుకుంట కూసున్నది.

"నేను ఏ దినం సరిగ చూస్కోలేదో చెప్పు బిడ్డా," అన్నది.

జ్వరం రాదు, దగ్గు రాదు, వచ్చినట్టు వచ్చినోనికే తెలువదని ఎన్ని తీర్ల చెప్పినా తల ఊపుతది గాని, కండ్లల్ల అనుమానం పోలే. బాపు అంతా విన్నడు. ఆఖరుకు ఒకటే అడిగిండు, ఒళ్లు గుర్తువట్టని పెంకు ఇంకోటి లేదా అని. అట్లాంటి దాని మీద మా దగ్గరనే ఒక చిన్న గుంపు పనిచేస్తుందని, కాని అది ఇంకా మొదట్లనే ఉందని చెప్పిన. అయితె నువ్వు ఇంకా పాతదాంట్లనే ఎందుకున్నవు అన్నట్టు నా దిక్కు చూసిండు.

హైదరాబాద్ పోయి మేడంను అడిగి ఆ గుంపులకు మారిన. కొత్త పెంకు మొండిది, పంట తక్కువ, వడగట్టుడు కష్టం. మా పాత మందు మాత్రం కొందరికి అందింది. ఎవరికో మాకు చెప్పరు. మొదట తీసుకున్నాయన మల్ల రక్తం గడ్డకట్టే ఇంజక్షన్ల అవసరం లేకుండ తిరుగుతుండని మాత్రం తెలిసింది. తమ్మునికి చెప్తే, మంచిగున్నడు కదా ఆయన అని రెండుసార్లు అడిగిండు.

వాడు ఇప్పుడు మామూలు ఇంజక్షన్ల మీదనే ఉన్నడు. కొత్త పెంకును ఒళ్లు గుర్తువడ్తదా లేదా చూడాలంటే, పాతదాన్ని గుర్తువట్టే రక్తం కావాలె. ఇసొంటి పరీక్షలకు అనుమతిచ్చే కమిటీ ఒప్పుకున్నంక, మేం అడగకముందే వాడు రక్తం ఇస్తనని సంతకం పెట్టిండు. యాడాదికి రెండుసార్లు బెల్లంపల్లిల రైలెక్కి వస్తడు. నర్సు సూది తీసినంక అందరికి ఒక నిమిషం ఒత్తితే చాలు, వానికి చానాసేపు ఒత్తాలె. ఆ దూది పట్టుకునే పని నాదే. వాడు ఇంకో చేత్తోటి ఫోన్‌ల షాపుకొచ్చిన గిరాకులకు జవాబులు ఇస్తుంటడు. నేను దూది తీసి చూస్త, ఇంకా తడిగనే ఉంటది, మల్ల ఒత్తుత.